పాదం పాడే పాట

హార్మోనియం వాయించేవాళ్ల ఎడమచేతిని ఎప్పుడైనా గమనించారా? కుడిచేయి మెట్ల మీద రాగం పలికిస్తుంటే, ఎడమచేయి తిత్తి ఆడిస్తూ ఆ రాగానికి ఊపిరి పోస్తుంటుంది. నాటకంలో నటుడు పద్యం ఎత్తుకోగానే ఆ చేయి నెమ్మదిస్తుంది, ఆయన ఆపగానే జోరందుకుంటుంది. స్టేజ్ కీబోర్డు దగ్గర రెండు చేతులకూ మెట్ల మీదే పని. అందుకే తిత్తి పని పాదానికి అప్పగించారు.

పియానో స్వరం మీటగానే దాని బలమెంతో తేలిపోతుంది. ఆపైన తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. స్ట్రింగ్స్, ఫ్లూట్, ఆర్గాన్ అలా కాదు. వాటి స్వరం పుట్టాక పెరగాలి, పాటకు తగ్గట్టు ఒదగాలి. 1935లో వచ్చిన హామండ్ ఆర్గాన్‌లో మెట్టు మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం ఒకటే. అందులో భావమంతా కాలి కింది పెడల్‌దే.

వాల్యూమ్ పెడల్, ఎక్స్‌ప్రెషన్ పెడల్ చూపులకు ఒకేలా ఉంటాయి, పని మాత్రం వేరు. మొదటిది కీబోర్డుకీ మిక్సర్‌కీ మధ్య కూర్చుంటుంది, శబ్దమంతా దాని గుండానే పోతుంది. స్టీరియోలో వాయించేవాళ్లు రెండు లైన్లున్నదే తీసుకోవాలి. రెండోదాని గుండా శబ్దం పోదు. పాదం ఎక్కడుందో అది కీబోర్డుకు చెబుతుందంతే. కీబోర్డులు సంకేతాలకు వాడే మిడి (MIDI) పద్ధతిలో వాల్యూమ్‌ది 7వ నంబరు, ఎక్స్‌ప్రెషన్‌ది 11. రెండూ 0 నుంచి 127 దాకా నడుస్తాయి. 7 హద్దు గీస్తుంది, ఆ హద్దులోపల 11 పాడుతుంది. పెడల్ పూర్తిగా తొక్కినా గాయకుడి గొంతు మునిగిపోదు.

నాకు ఎక్స్‌ప్రెషనే ఇష్టం. పియానో, స్ట్రింగ్స్ కలిపి పెట్టుకుని, పెడల్‌ను స్ట్రింగ్స్‌కి మాత్రమే ఇస్తాను. పల్లవిలో మడమ దించి ఉంచితే పియానో ఒక్కటే వినిపిస్తుంది. చరణం ముందు రెండు బార్లలో మునివేళ్లతో మెల్లగా నొక్కుతూ వస్తే, అదే కార్డ్ కింద స్ట్రింగ్స్ పొంగుతాయి. చేతులు మారవు, పాట మారుతుంది. వాల్యూమ్ పెడల్‌తో ఇది కుదరదు, తగ్గిస్తే పియానో కూడా తగ్గిపోతుంది.

కొనేముందు ఒక జాగ్రత్త. పెడల్ వైరింగ్ అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఒకరి పెడల్ మరొకరి కీబోర్డుకు తగిలిస్తే సగమే పనిచేయొచ్చు, తలకిందులుగానూ పనిచేయొచ్చు. మీ కీబోర్డు మాన్యువల్‌లో ఏది సరిపోతుందో చూసుకోండి. రోలాండ్ ఈవీ-5కి ఉన్నట్టు కనిష్ఠ స్థాయి నాబ్ ఉంటే మంచిది. మడమ పూర్తిగా దించినా శబ్దం చచ్చిపోకుండా కాస్త మిగుల్చుకోవచ్చు.

పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చి ఆరాధనల్లో కీబోర్డు వాయించే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాదొక్కటే మాట. కొత్త టోన్ల వేట కొన్నాళ్లు ఆపండి. ఒకే స్వరం పట్టుకుని, నాలుగు బార్లలో పెంచి నాలుగు బార్లలో తగ్గించడం రోజూ సాధన చేయండి. వేళ్లకు నేర్పినంత శ్రద్ధగా పాదానికీ నేర్పండి.