కంటి తడి

తమ పని సజావుగా సాగినంత కాలం ఎవరి దృష్టికీ రాని అవయవాలు కొన్ని ఉన్నవి. ముప్పది యేండ్లుగా హిందీ గ్రంథాలను తెనుగు చేయుటే వృత్తిగా గల నేను కంటిని గూర్చి ఆలోచించినది బహు తక్కువ. యాభై దాటిన పిదప అది తన ఉనికిని తానే చాటుకొన్నది. ఉదయం పదింటికి పుస్తకం తెరిస్తే పదకొండు కాకుండానే రెప్పల క్రింద ఇసుక రాలినట్లుండేది. అక్షరం చెదరేది, రెప్ప వేయగానే మరల కుదుటపడేది. విచిత్రమేమనగా, పొడిబారినదని వైద్యుడు చెప్పిన ఆ కన్నే ధారగా నీరు కార్చేది.

మనం "కంట్లో నలుసు" అంటాము. హిందీవారు "ఆంఖ్ కీ కిర్‌కిరీ" అంటారు. 1903లో గ్రంథరూపం దాల్చిన రవీంద్రుని "చోఖేర్ బాలి" నవలకు హిందీలో పెట్టిన పేరూ అదే. ఆ నుడికారం సహింపరాని మనిషిని గూర్చినది. నా విషయంలో అది అక్షరాలా నిజమైనది.

వైద్యుడు ఓపికగా వివరించాడు. కంటిమీది తడిలో నీరే కాక, దానిని కంటికి అంటిపెట్టే జిగురూ, పైన ఆవిరి కాకుండా కాపాడే పలుచని నూనె కూడ ఉంటవి. నూనె ఊరేది రెప్ప అంచున గల సన్నని గ్రంథులలో. వాటిని 1666లో మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. ఆ నూనె గట్టిపడితే తడి త్వరగా ఆరిపోతుంది. ఆరిన కన్ను మండుతుంది. ఆ మంటకు నీరు పొంగుతుంది, కాని నిలువదు. దీనికి తోడు, చదివేటపుడు మనిషి రెప్ప వేయడమే తగ్గిస్తాడు. వేసినా సగమే వేస్తాడు. "ఇది పూర్తిగా పోదు. అదుపులో పెట్టుకొనవలె" అన్నాడాయన. ఒక పెద్ద నవల సగంలో ఉన్నది. ఈ వృత్తిలో కంటికి బదులు పని చేసే అవయవం మరొకటి లేదు.

నాటినుండి నా దినచర్య మారినది. ఉదయం, రాత్రి శుభ్రమైన గుడ్డను ఓర్వదగిన వేడినీట తడిపి, పిండి, మూసిన రెప్పలపై పది నిమిషాలుంచుతాను. గుడ్డ త్వరగా చల్లారుతుంది గనుక మాటిమాటికి వేడి చేయవలె. పిదప వేలితో రెప్పను అంచువైపుకు మెల్లగా నిమురుతాను. గట్టిపడ్డ నూనె కరిగి వెలికి వస్తుంది. పుస్తకమైనా, కంప్యూటర్ తెరయైనా చూపుకు కొంచెం దిగువన ఉంచుతాను. క్రిందికి చూచునపుడు కన్ను తక్కువ తెరచుకొంటుంది, తడి తక్కువ ఆరుతుంది. ఢిల్లీ వేసవిలో "లూ" అనే వడగాలి వీచే దినాలలో కళ్ళద్దాలు లేక వీధిలోకి వెళ్ళను. పంకా గాలిగాని, కూలర్ గాలిగాని ముఖానికి సూటిగా తగలనివ్వను.

సలహాలకు కొదువ లేదు. "భాయీసాహబ్, గులాబ్‌జల్ వేసికొనండి" అంటుంది పొరుగింటి పెద్దావిడ. ఆమె ఆప్యాయతకు నమస్కరిస్తాను. సీసా మాత్రం తెరవను. శుద్ధి చేయని ద్రవం కంటిలో పడితే నల్లగ్రుడ్డుకు చీము పట్టవచ్చును. ఎరుపు తగ్గించే చుక్కలు కొన్నాళ్ళు మురిపించి, మానగానే ఎరుపును రెట్టింపు చేయగలవు. 2018లో ప్రకటితమైన ఒక పెద్ద అమెరికన్ పరిశోధనలో చేపనూనె మాత్రలు ఆలివ్ నూనె మాత్రలకంటె మిన్నగా పనిచేయలేదని తేలినది. నేను వాడేది కన్నీటిని పోలిన చుక్కలమందు. దినానికి నాలుగు సార్లకు మించి వేయవలసి వస్తే, నిలువ ఉంచే రసాయనం కలియని రకం మేలు. తీవ్రమైన నొప్పి కలిగినా, వెలుతురు భరింపరాకున్నా, చూపు తగ్గినా ఇంటి వైద్యం చాలదు. నోరు కూడ ఎండి కీళ్ళు నొప్పిపెడితే వ్యాధి మూలం వేరొకచోట ఉండవచ్చును. ఆలస్యం చేయక వైద్యుని చూడవలె.

"కంటికి రెప్ప వలె" అన్న మాటలో రెప్పను కావలివానిగా మాత్రమే ఎంచినాను. అది పడినపుడెల్ల తడిని కంటినిండా పూస్తుందని ఈ వయస్సున తెలిసినది. నేడు ఇరవై నిమిషాలకొకమారు కలం దించి, ఇరవై అడుగుల అవతలి వేపచెట్టును ఇరవై సెకండ్లు చూస్తూ, రెప్పలను పూర్తిగా మూసి తెరుస్తాను. మునుపు దినానికి ఎనిమిది పుటలు సాగేవి, నేడు అయిదు. ఆ విరామంలో వెదకుతున్న మాట దొరుకుతుందని చెప్పజాలను, తరచు దొరకదు. కన్ను మాత్రం మరొక ఇరవై నిమిషాల పనికి సిద్ధమౌతుంది.