పాప ఇంటికొచ్చాక మొదలైన పద్దు

"దత్తతకు మొత్తం ఎంతయింది?" అని అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళం, ఇల్లెంతకు కొన్నారు, వడ్డీ ఎంత పడింది అని అడిగినంత చనువుగానే ఇదీ అడుగుతాం. నా అభ్యంతరమల్లా ఒక్కటే. వాళ్ళు అడిగే మొత్తం పాప విమానం దిగేదాకా అయిన ఖర్చు. మా పద్దులో అది సగం కూడా కాదు.

ముందు ఆ ముక్క చెప్పేస్తాను. అంతా రసీదులున్న ఖర్చు కాబట్టి అదే తేలిక. మా వారు అమెరికా పౌరులు, నాది భారత పాస్‌పోర్టు. పాప మహారాష్ట్రలోని ఒక శిశుగృహంలో పెరిగింది. విదేశాల్లో ఉన్నవాళ్ళు దత్తత తీసుకుంటే శిశుగృహానికి కట్టాల్సింది 5,000 డాలర్లని ఢిల్లీలోని దత్తత సంస్థ ‘కారా’ నిబంధనల్లోనే ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు పెట్టే ఐ-800ఏ దరఖాస్తుకు అప్పట్లో 775 డాలర్లు, వేలిముద్రలకు మనిషికి 85. మిగిలిందంతా ఇక్కడి ఏజెన్సీ ఫీజు, హోమ్ స్టడీ, టికెట్లు, హోటళ్ళు. అన్నీ కలిపి ముప్పై వేల డాలర్లు దాటింది. పాప వచ్చాక రెండేళ్ళపాటు ఎలా ఉందో కారాకు నివేదికలు వెళ్ళాలి, మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆర్నెల్లకొకటి. వాటి డబ్బు కూడా ఏజెన్సీ ముందే కట్టించుకుంది.

ఇందులో కొంత అమెరికా ప్రభుత్వం పన్నులో తగ్గిస్తుంది. మాలాగే 2023లో దత్తత పూర్తయినవాళ్ళకు ఆ రాయితీ గరిష్ఠంగా 15,950 డాలర్లు. విదేశీ దత్తతకైతే ఖర్చు అంతకుముందు ఏడాది పెట్టినా, దత్తత పూర్తయ్యాకే అడగాలి. మనం కట్టాల్సిన పన్నును మించి ఇవ్వరు, మిగిలితే ఐదేళ్ళదాకా ముందుకు జరుపుకోవచ్చు. నేను జీతం లేకుండా ఇంట్లో ఉన్న ఏడాది కాబట్టి మా పన్నే తక్కువ, కొంత 2024కి జరిగింది. (2025 నుంచి ఇందులో కొంత, ఆ ఏడాదికైతే 5,000 దాకా, పన్ను బాకీ లేకపోయినా చేతికిస్తారు. మాకు అందలేదు, ఇప్పుడు తీసుకునేవాళ్ళకు అందుతుంది.) ఈ రాయితీ కూడా ఫీజుల్నీ టికెట్లనీ లెక్కలోకి తీసుకుంటుంది తప్ప ఆ తర్వాత పిల్ల పక్కన కూర్చున్న నెలలను కాదు.

మాకు అసలు ఖర్చు ఆ నెలలదే. పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు దత్తతకైనా కాన్పుకైనా 12 వారాల సెలవు ఇక్కడి కేంద్ర చట్టం ఇస్తుంది. ఉద్యోగం పోదు, జీతం రాదు. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో అయితే రాష్ట్ర బీమా నుంచి జీతంలో కొంత వస్తుంది. టెక్సాస్‌లో అదీ లేదు. అందుకని ఇల్లు కొనడానికి దాచిన డౌన్ పేమెంటు డబ్బులోంచి నా ఆర్నెల్ల జీతానికి సమానమైంది తీసి వేరే ఖాతాలో పెట్టాం. దీని మీద ఇంట్లో చాలా వాదన జరిగింది. "పాప వస్తోందంటే మంచి స్కూళ్ళున్న చోట ఇల్లు ఉండాలి కదా" అన్నది మా వారి మాట. అప్పటికే ఇంటి రుణాల వడ్డీ ఆరు శాతం దాటిపోయింది. అయినా నేను వడ్డీ గురించి వాదించలేదు. ఈఎంఐ నెత్తిమీద ఉంటే పన్నెండో వారం అయిన మర్నాడే ఇద్దరం ఆఫీసుకు పరుగెత్తాల్సి వస్తుంది, పాప డేకేర్‌కి వెళ్తుంది, ఇంకో శిశుగృహానికి వచ్చానని అనుకుంటుంది. ఈ మాటతో ఆయన ఊరుకున్నారు. ఇప్పటికీ అద్దె అపార్ట్‌మెంటులోనే ఉన్నాం.

ఎందుకంత పట్టుబట్టానంటే, ఈ పిల్లల విషయంలో ఏది ఎప్పుడు అవసరమవుతుందో వయసును బట్టి చెప్పలేం. మన ఇళ్ళలో బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతాం. మా పాప ఆ రెండూ మేం లేనిచోట దాటేసింది. ఇంటికొచ్చినప్పుడు కాగితాల మీద దానికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఆ పుట్టినతేదీ కూడా డాక్టరు చూసి అంచనాగా వేసిందే. మా అత్తయ్య అరిసెలు చేసి పంపుతానంటే, నడక ఎప్పుడో వచ్చేసింది కదా అన్నాను. "మనింట్లో అడుగు పెట్టింది ఇప్పుడే కదమ్మా" అని పంపించేశారు.

నడక వచ్చినా పాపకు మాట రాలేదు. మరాఠీ వినడం ఆగింది, తెలుగు, ఇంగ్లిషు కొత్త. మూడేళ్ళలోపు పిల్లలకు రాష్ట్రం నడిపే ‘ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్’ వాళ్ళు వచ్చి ఉచితంగా పరీక్షించారు. మూడు నిండాక ఆ బాధ్యత స్కూల్ డిస్ట్రిక్టుది, అదీ ఉచితమే. పిల్ల ఇంకా బడిలో చేరకపోయినా ఈ హక్కు ఉంటుందన్న సంగతి మన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. అయితే వాళ్ళిచ్చే సమయం చాలదనిపించి, ప్రైవేటు స్పీచ్ థెరపీ కూడా పెట్టాం. అక్కడ మమ్మల్ని కాపాడింది పాపకోసం వెళ్ళడానికి ముందు నవంబరులో చేసిన చిన్న పని. ప్రీమియం తక్కువ, డిడక్టబుల్ ఎక్కువ ఉన్న ఆరోగ్య బీమా మానేసి, ప్రీమియం ఎక్కువైనా డిడక్టబుల్ తక్కువున్నది తీసుకున్నాం. రక్తపరీక్షలు, సీసం పరీక్ష, టీబీ పరీక్ష, మళ్ళీ వేయాల్సిన టీకాలు, థెరపీ అన్నీ ఆ ఏడాదే వచ్చిపడ్డాయి. పిల్ల చేతికొచ్చిన తేదీ నుంచి 30 రోజుల్లో బీమాలో పేరు చేర్పించాలి, ఈ గడువు మాత్రం మరవద్దు.

ఈలోగా ఫంక్షన్లకు వెళ్తే ప్రతివాళ్ళూ "529 తెరిచారా?" అనేవారు. కాలేజీ చదువుకు దాచే ఖాతా అది. తెరవలేదు. ఆ డబ్బును చదువుకు కాకుండా వేరేదానికి తీస్తే దాని మీద వచ్చిన లాభానికి పన్నూ, పైన పది శాతం జరిమానా పడతాయి. మాకేమో వచ్చే ఏడాది దేనికి డబ్బు కావాలో తెలియదు. అనుకున్నట్టే అలాంటి అవసరం వచ్చింది. పాప పుట్టినరోజు ఆగస్టులో. టెక్సాస్‌లో సెప్టెంబరు 1కి ఐదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్‌లో చేర్చవచ్చు, ఉచితం. 2025లో అర్హత వచ్చినా చేర్చలేదు, ఇంకో ఏడాది ప్రీస్కూలుకే ఫీజు కట్టాం. డబ్బు లెక్కలో చూస్తే ఇది తిక్క పని. కానీ ఇప్పుడు తోటిపిల్లలతో పోట్లాడేంత తెలుగూ ఇంగ్లిషూ వచ్చేశాయి, బడికి వెళ్ళనని ఏడవదు. ఆ ఏడాది కొనగలిగామంటే 529లో డబ్బు ఇరుక్కుపోలేదు కాబట్టే.

ఇలా 529లో పెట్టకుండా ఉంచుకున్న డబ్బును ఇంకా కొన్నేళ్ళు అలాగే ఉంచుతాం, వైద్యానికి కావాల్సి రావచ్చు. స్వీడన్‌కు దత్తత వెళ్ళిన భారతీయ ఆడపిల్లల మీద 1991లో వచ్చిన అధ్యయనంలో రజస్వల అయ్యే మధ్యస్థ వయసు 11.6 ఏళ్ళని తేలింది. అక్కడి పిల్లలకంటే అది ముందు. మా డాక్టరుగారు ఏటా ఎత్తూ బరువూ జాగ్రత్తగా చూస్తారు. అవసరమైతే స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళాలి.

పెద్దగా డబ్బు అక్కర్లేనిది ఒకటుంది. పాప వచ్చిన ఐహెచ్-3 వీసాకు అమెరికా పౌరసత్వ పత్రం అడగకుండానే పోస్టులో వస్తుంది. దాన్ని బ్యాంకు లాకర్లో పెట్టి, పాస్‌పోర్టు కూడా తీయించాం. విదేశాల నుంచి దత్తత వచ్చిన పిల్లలకు ఆటోమేటిక్‌గా పౌరసత్వమిచ్చే చట్టం 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చింది, అప్పటికే 18 నిండినవాళ్ళకు వర్తించలేదు. అలా ఇక్కడే పెరిగి పెద్దయి, పౌరులు కాని దత్తపిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు ఏజెన్సీ ఇచ్చిన ఖర్చుల పట్టిక ముందేసుకుని కూర్చున్నవాళ్ళకు ఒక మాట. అందులో చివరి వరుస విమాన టికెట్లదై ఉంటుంది. దాని కింద మీ ఇద్దరిలో ఒకరి ఆర్నెల్ల జీతం రాసుకోండి. అది సర్దుబాటు కాకపోతే ఇంటి కొనుగోలు ఆపండి, పాప ప్రయాణం ఆపకండి.