రాజశేఖరుని అరుగు

కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని' పత్రికయందు వెలువడ నారంభించి, 1880లో గ్రంథరూపము దాల్చినది. ఆ కాలమున మన గంజాము జిల్లాయు, పంతులుగారి గోదావరి జిల్లాయు ఒకే మద్రాసు రాజధానిలో నుండెడివి. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా మన బరంపుర మందు చేరినది; ఆ నవలలోని జనులు మాత్రము మన వీథులను విడిచిపోలేదని నా నమ్మకము.

ధవళేశ్వరమున రాజశేఖరుడు కలిగినవాడై యున్నంతకాలము ఆయన చుట్టును పొగడువారే. పలికిన పలుకున కెల్ల తలలూపుదురు. ధనము పోయిన పిమ్మట వారి జాడయే కానరాదు. నేను నలువది యేండ్లుగా చూచుచున్న ఎన్నికల ముచ్చటయు నిదియే. గెలిచినవారి ముంగిట చెప్పులు విడుచుటకు చోటు దొరకదు. ఓడిన మరునాడు ఆ యరుగుపై కుక్క నిద్రించును. మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన నావంటి గుమాస్తాకు రాజకీయములను ఇంతకంటె తేటగా చెప్పిన పుస్తకము లేదు.

రాజశేఖరుడు దుష్టుడు కాడు. దైవభక్తియు, పెట్టుపోతలును గల పెద్దమనిషి. అట్టివాడే బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి, ఇంటనున్న వెండి బంగారములు వాని చేతిలో పెట్టెను. బైరాగి మాయమయ్యెను. నవల చివర రాజుగారి దయవలన ఆయన కష్టములు గట్టెక్కుట నాకంతగా రుచింపదు. మనకట్టి రాజెక్కడ?

నాతో పనిచేసి విరమించిన మిత్రులొకరు, ఫోనులో పరిచయమైన యొక షేర్ల పండితుని మాటపై విరమణ సొమ్ములో పెద్దభాగము పంపివేసిరి. తొలుత పంపిన అయిదువేలకు ఆరువేలు తిరిగివచ్చినవట. ఆపై పంపినదెల్ల పోయినది. మూడు నెలలు భార్యకు సైతము చెప్పలేదు. ఇట్టి మోసములను తెలుపుటకు 1930 అను ఫోను నెంబరు కలదనియు, ఎంత త్వరగా తెలిపిన సొమ్మును నిలుపుట కంత వీలనియు ఆయన ఎరుగుదురు. సిగ్గు అడ్డుపడినది.

ఆయన చదువు ఒడియాలో సాగినందున తెలుగు కూడబలుకుకొందురు. ఒక సాయంకాలము బైరాగి ఘట్టమును నేనే చదివి వినిపించితిని. మొదట నవ్విరి. "అంత పెద్దమనిషి ఎలా నమ్మేడండీ?" అని, తామే ఊరకుండిరి. కొంతసేపటికి, "ఆ పుస్తకం ఇలా ఇవ్వండి. మా ఆవిడకి తెలుగు బాగా వచ్చును, చదివించుకుంటాను" అనిరి.

రెండు దినముల తరువాత భార్యాభర్త లిద్దరును ఠాణాకు పోయి ఫిర్యాదు వ్రాసి యిచ్చిరి. సొమ్ము ఇంకను రాలేదు. పుస్తకము వారింటనే యున్నది.