కాపలాదారుకు కాపలా

ఇంటిని కాచేది కుక్క. ఆ కుక్కను కాచేదెవరు? ఈ ప్రశ్న చాలామందికి తోచదు. వేళకు ఇంత తిండి పెట్టి, రాత్రి వాకిట్లో విడిచిపెడితే తమ పని తీరిందనుకుంటారు.

చెన్నైలో టి. నగర్ అంటే త్యాగరాయనగర్. సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద వెలసిన పేట. పానగల్ పార్కు చుట్టుపక్కల, పాండీ బజారులో, రంగనాథన్ వీధిలో పగలంతా ఇసుక వేస్తే రాలనంత జనం. అంగళ్లు మూశాక మురుగు కాలువల నుండి ఎలుకలు, పందికొక్కులు బయలుదేరుతాయి. కుళ్లిన కూరలు, ఎంగిలి ఆకులు వాటికి విందు. పందిలా గుర్రుమనే ఈ పెద్ద ఎలుకకు తెలుగువారు పెట్టిన పేరే ఆంగ్లంలోకి వెళ్లి ‘బాండికూట్’ అయింది. పేరు తెలుగువారిది, దాన్ని మేపే చెత్త మాత్రం అందరిదీ.

వేట కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణం. కన్ను మూసి తెరిచేలోగా పందికొక్కు మెడ పట్టి విదిలిస్తుంది. తెల్లవారేసరికి దాన్ని గుమ్మం ముందు పెట్టి తోక ఊపుతుంది. “శభాష్‌రా!” అని మనవడు దాని మూతి నిమరబోతాడు. “వద్దు నాయనా, దాని నోరు ముట్టుకోకు. ముందు సబ్బుతో చేతులు కడుక్కో” అంటుంది అవ్వ.

అవ్వ మాటలో ఎంతో నిజముంది. ఎలుకల మూత్రపిండాలలో లెప్టోస్పైరా అనే సూక్ష్మక్రిమి కాపురముంటుంది. దానివల్ల ఎలుకకు సాధారణంగా ఏ బాధా ఉండదు. మూత్రంతో బయటపడిన ఆ క్రిములు బురదలో, నిలువ నీటిలో చాలా రోజులు బతుకుతాయి. ఎలుకను కరిచినప్పుడు నోటిగుండా, ఆ నీటిలో తిరిగినప్పుడు కాలి పుండ్లగుండా కుక్క ఒంట్లోకి చేరతాయి. కొద్ది రోజులకు జ్వరం, వాంతులు వస్తాయి. కుక్క తిండి ముట్టదు. వ్యాధి ముదిరితే కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి. మూత్రపిండాలు చెడి ప్రాణమే పోవచ్చు. జబ్బుపడిన కుక్క మూత్రం వల్ల ఇంటివారికీ ఇది సోకవచ్చు. మనుషులకు వచ్చినప్పుడు దీన్ని ఎలుక జ్వరం అంటారు. దీని తీవ్రరూపాన్ని 1886లో జర్మనీ వైద్యుడు అడాల్ఫ్ వైల్ వర్ణించాడు. కారణమైన క్రిమిని 1915లో ఇనాడా, ఇడో అనే జపాను శాస్త్రజ్ఞులు గుర్తించారు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా చెన్నై వీధుల్లో వాననీరు నిలిచే రోజుల్లో ఈ భయం మరింత ఎక్కువ.

మరొక ప్రమాదం ఎలుకల మందు. విషం తిన్న ఎలుక చురుకుదనం కోల్పోయి కుక్కకు సులువుగా చిక్కుతుంది. దాన్ని తిన్న కుక్కకూ ఆ విషం ఎక్కవచ్చు. కొన్ని మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. లోపల రక్తం కారుతున్నా కొన్ని రోజుల వరకు పైకి తెలియదు.

మరి చేయవలసిందేమిటి? కుక్కకు ఏటేటా టీకా వేయించాలి. టీకా అన్ని రకాల లెప్టోస్పైరాను ఆపలేదు కనుక రాత్రివేళ దాన్ని వీధిలోకి వదలకూడదు. దాని నీళ్ల గిన్నెను ఆరుబయట ఉంచకూడదు. చెత్తబుట్టకు మూత వేయాలి. చచ్చిన ఎలుకను వట్టి చేతులతో తాకరాదు. కుక్క నలతగా కనిపిస్తే వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోయి, అది ఎలుకను పట్టిన సంగతి కూడా చెప్పాలి. వేపేరిలో 1903లో స్థాపించిన మద్రాసు పశువైద్య కళాశాలలో ఇటువంటి మూగజీవులకు చికిత్స చేస్తారు. తొలిదశలోనే తీసుకుపోతే మందులతో నయమయ్యే అవకాశం ఎక్కువ.

ఎలుకను పట్టిందని కుక్కను కొట్టడం తగదు. అది తన స్వభావం కొద్దీ చేసిన పని. వీధిలో చెత్త తగ్గితే ఎలుకలు తగ్గుతాయి. ఎలుకలు తగ్గితే వేటా తగ్గుతుంది. ఒంట్లో బాగులేదని కుక్క నోరు తెరిచి చెప్పలేదు. దాని కళ్లు చూసి, కంచం చూసి తెలుసుకోవడం పెంచినవారి ధర్మం.