వడ్డించేవాళ్లుంటే ఆ రుచే వేరు!

కరీంనగర్ వెళ్లారనుకోండి. ఎల్గందుల కోట, మానేరు డ్యామ్ చూసి, వెండి తీగలతో అల్లే ఫిలిగ్రీ భరిణె ఒకటి బేరమాడేసరికి చీకటి పడుతుంది. పిల్లలేమో ఏసీ రెస్టారెంటుకే వెళ్దామంటారు. వెళ్లండి! అందరికీ వడ్డించి చివర్న చల్లారింది తినే మనకి, కూర్చున్న చోటికే పొగలు కక్కే రొట్టె రావడమంటే మాటలా? గిన్నెలు తోమే పనీ లేదాయె.

మెనూ తెరిస్తేనే ఉసూరుమంటుంది. పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా... ఏ ఊరెళ్లినా ఇవేగా! మరి సర్వపిండి ఏదీ? బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కారం కలిపి, నూనె రాసిన గిన్నెకి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, సన్నసెగన కాలుస్తామే, అదండీ. గిన్నెలో కాలుస్తారు గనక కొన్ని ఊళ్లలో గిన్నప్ప అంటారు. ఆదిలాబాద్ వైపు జొన్నరొట్టె, ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూ కూడా ఆ అట్టల మధ్య కనబడవు. నేనొకచోట జొన్నరొట్టె ఉందా అనడిగితే, వడ్డించే అబ్బాయి నవ్వేశాడు. "అది ఇంట్ల తినేది గదమ్మా!"

ఆ ఇంట్లో చేసేది మనమే కదా నాయనా!

అన్నట్టు, బిల్లు చూడందే డబ్బివ్వకండి. జీఎస్టీ మామూలు రెస్టారెంట్లలో 5 శాతం, అది తప్పదు. సర్వీసు చార్జి మాత్రం బలవంతంగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. వేస్తే తీసేయమనండి. మిగిలిన బిర్యానీ పార్సిల్ కట్టించుకోండి, మొహమాటమెందుకు?