ఎల్లోస్టోన్‌లో జనరేటర్ మొరాయించిన వేళ

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మనందరం చూపించే చోట్లు దాదాపు ఒకటే. నయాగరా, వాషింగ్టన్ డీసీ, లాస్ వేగస్, గ్రాండ్ కేన్యన్! అవన్నీ అయిపోయాక మా నాన్నగారు సోఫాలో కూర్చుని "ఇక్కడ నాకు పనేముందిరా?" అనడం మొదలుపెట్టారు. అందుకే 2023 జూలైలో సాల్ట్ లేక్ సిటీలో ఒక మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని, పిల్లలతో సహా ఆరుగురం ఎల్లోస్టోన్‌కు బయల్దేరాం.

మోటార్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. స్టవ్వు, ఫ్రిజ్, హీటరు ప్రొపేన్ గ్యాస్‌తో నడుస్తాయి. లైట్లు, నీళ్ళ పంపు, హీటర్ ఫ్యాను బ్యాటరీ మీద ఆధారపడతాయి. మైక్రోవేవ్, రైస్ కుక్కర్ లాంటివాటికి మాత్రం అసలు కరెంటు కావాలి. 1872లో ఏర్పడిన ఈ పార్కు లోపల బండికి కరెంటు కనెక్షన్ ఇచ్చే క్యాంపుగ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. అక్కడ చోటు దొరకలేదు. మాకు దొరికింది కేన్యన్ విలేజ్. ఎత్తు సుమారు 7,900 అడుగులు. అక్కడ జనరేటర్ వాడుకోవచ్చు, కానీ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే.

రెండో రోజు సాయంత్రం ఐదున్నరకు మా ఆవిడ రైస్ కుక్కర్ పెట్టింది. పది నిమిషాలకు జనరేటర్ నల్లటి పొగ వదిలి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అన్నం సంగతి సరే, స్టవ్వు మీద వండుకోవచ్చు. అసలు బెంగ వేరే. నాన్నగారికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. రాత్రి సీపాప్ మిషన్ లేనిదే పడుకోలేరు. అది కూడా ఆ బ్యాటరీ మీదే నడవాలి. ముందు రాత్రి చలికి హీటర్ ఫ్యాను తిరిగి తిరిగి బ్యాటరీ పావు వంతుకు వచ్చేసింది. బండి కదిలితే కొంత ఛార్జి ఎక్కేది, కానీ ఆ రోజు మేము బండిని కదపలేదు. ఎనిమిది లోపల జనరేటర్ నడవాలి!

బండి అద్దెకిచ్చినవాళ్ళకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ నిలవలేదు. మాన్యువల్ తీశాను. మొదట చూడమన్నది పెట్రోలు. ట్యాంకులో సుమారు పావు వంతు మిగలగానే జనరేటర్‌కు పెట్రోలు అందదు. కరెంటు కోసం పెట్రోలంతా అయిపోయి మనం అడవిలో చిక్కుకుపోకుండా దాని గొట్టాన్ని అంత పైన పెడతారు. మాకు సగం పైనే ఉంది. తరువాత ఆయిల్. అదీ సరిగానే ఉంది. స్విచ్ నొక్కితే చిన్న లైటు మూడుసార్లు, కాస్త ఆగి ఆరుసార్లు మినుకుమంది. అంటే మనం ఆపకుండానే ఇంజన్ ఆగిందని. ఎందుకు ఆగిందో మాత్రం అది చెప్పదు.

అప్పటిదాకా చూస్తూ నిలబడ్డ నాన్నగారు "పొగ నల్లగా వచ్చింది కదరా, ప్లగ్గు తియ్యి" అన్నారు. ముప్పై ఏళ్ళు బజాజ్ చేతక్ నడిపిన మనిషి! పక్క సైటులో నెబ్రాస్కా నుంచి వచ్చిన పెద్దాయన ప్లగ్ స్పానర్ ఇచ్చాడు. ఆయన తెలుగు ఈయనకు రాదు, ఈయన ఇంగ్లీషు ఆయనకు అర్థం కాదు. అయినా ఇద్దరూ వంగి చేతులతోనే మాట్లాడుకున్నారు. ఇంజన్ చల్లారాక ప్లగ్గు తీస్తే కాటుక పట్టినట్టు ఉంది.

"పెట్రోలు ఎక్కువైంది, గాలి చాలట్లేదు" అని నాన్నగారు తేల్చేశారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అంత ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం కంటే నాలుగో వంతు తక్కువ. కార్బురేటర్ మాత్రం కింద పోసినంత పెట్రోలే పోస్తుంది. అందుకే ఆ జనరేటర్‌కు ఎత్తునుబట్టి తిప్పే చిన్న నాబ్ ఒకటి ఉంది. మాన్యువల్‌లో బొమ్మ చూసి వెతికితే అది అద్దెకిచ్చినప్పుడు ఉన్నట్టే సముద్రమట్టం దగ్గర ఉంది. దాన్ని తిప్పాం. ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము దులిపాం. నాన్నగారు గరుకు కాగితంతో ప్లగ్గు రుద్ది, ఊది, తనే బిగించారు.

ఆరూ నలభైకి స్విచ్ నొక్కితే మూడో ప్రయత్నంలో అందుకుంది. పొగ లేదు! ఎనిమిది దాకా బ్యాటరీకి తప్ప దేనికీ కరెంటు వాడలేదు. ఆ రాత్రి హీటరు ఆపేసి అందరం దుప్పట్లు కప్పుకున్నాం. నాన్నగారి మిషన్ మాత్రం తెల్లవార్లూ నడిచింది.

మర్నాడు 308 అడుగుల లోయర్ ఫాల్స్ చూశాం. అమ్మ జలపాతాన్ని చూసి మురిసిపోతుంటే, నాన్నగారు నెబ్రాస్కా మిత్రుడికి పార్కింగులో ఏదో వివరిస్తున్నారు.

మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే బండి తీసుకునేటప్పుడే జనరేటర్‌ను అరగంట లోడు మీద నడిపి చూడండి. ఎత్తు నాబ్ ఎక్కడుందో అడగండి. ఒక ప్లగ్గు, దాని స్పానర్ వెంట ఉంచుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పని చేస్తోందో లేదో తప్పక చూడండి, జనరేటర్ నడుస్తుండగా నిద్రపోకండి. ఇంట్లో పెద్దవాళ్ళు "నాకు పనేముంది" అంటుంటే వాళ్ళ చేతికి ఒక స్పానర్ ఇచ్చి చూడండి!