61 రోజులు, ఒక పండుగప్ప

వేసవి సెలవులివ్వగానే నేను చేసిన మొదటి పని ఆన్‌లైన్‌లో ఫిషింగ్ రాడ్ ఆర్డర్ పెట్టడం. పద్దెనిమిది వందలు. ఎగ్జామ్స్ ముందు చదవాల్సిన రాత్రుళ్లు ఆస్ట్రేలియా వాళ్ల చేపల వీడియోలు చూసీ చూసీ పట్టిన పిచ్చి అది. వాళ్లు బారముండి అని ఎగబడి పట్టేది మన పండుగప్పేనని తెలిశాక ఇక ఆగలేకపోయాను. రాడ్ తీసుకుని బందరు బస్సెక్కాను.

మా పెదనాన్న వాళ్లది మంగినపూడి దగ్గర. మా నాన్న చదువుకుని విజయవాడ వెళ్లిపోయాడు, పెదనాన్న సముద్రం మీదే ఉండిపోయాడు. గిలకలదిండి హార్బర్‌లో వేరేవాళ్ల బోటు మీద పనిచేస్తాడు. నేను వెళ్లింది 2025 మే చివర్లో, రోహిణి కార్తె ఎండల్లో. ఆయన అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. బోటు ఒడ్డునే కట్టేసి ఉంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు వేటకి వెళ్లకూడదు. చాలా చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలం కాబట్టి. 2015కి ముందు ఇది మే నెలాఖరుకే అయిపోయేదట. మోటారు లేని నాటు పడవలకి ఈ నిషేధం లేదు. ఒడ్డున నిలబడి సరదాకి గాలం వేసే నాకైతే అసలే లేదు. ఆ మాట పెదనాన్నకి గర్వంగా చెప్పాను కూడా.

అక్కడితో ఆగానా? క్లాసు మొదలుపెట్టాను. "క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపు పండుగప్పని వదిలేయాలి పెదనాన్నా. 120 దాటినా వదిలేయాలి. అది పుట్టినప్పుడు మగదే, కొన్నేళ్లు పెరిగాక ఆడదవుతుంది. అందుకే పెద్దవాటిని కాపాడతారు. వాళ్ల తూర్పు తీరంలో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా పట్టనే కూడదు, వాళ్లకి అప్పుడు వేసవి."

ఆయన వల మీంచి తల ఎత్తలేదు. "పెద్దవి తల్లులని మాకు తెలుసురా. కోస్తే గుడ్లు కనపడతాయిగా."

మర్నాడు తెల్లారుజామున ఇద్దరం కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వెళ్లాం. మంగినపూడి తీరం మీరు చూసే ఉంటారు, నల్లటి ఒండ్రు ఇసుక, ఎంత దూరం నడిచినా నడుం లోతే. అందుకే బీచ్‌లో కాకుండా మొగ దగ్గర వేయమన్నాడు. నేను హై టైడ్, లో టైడ్ అంటుంటే "పోటు, పాటు అనరా" అని నవ్వాడు. పోటు వచ్చేటప్పుడు చిన్న చేపలు కాలవలోకి ఎక్కుతాయి, వాటి వెనకే పండుగప్ప వస్తుంది. ప్లాస్టిక్ చేప తీసేయించి, బతికున్న రొయ్యని ఎరగా గుచ్చాడు.

ఎనిమిదింటికి లాగింది. చేతులు వణికిపోయాయి. చేప నీళ్లలోంచి ఎగిరింది, అచ్చం వీడియోలో లాగే. ఒడ్డుకి లాగి టేపు పెట్టి కొలిచాను. 34 సెంటీమీటర్లు. రూల్ ప్రకారం వదిలేయాలి.

కానీ ముందు ఫొటో. పెదనాన్నకి ఫోన్‌లో బటన్ ఎక్కడుందో చూపించాను. ఎండ మొహం మీద పడుతోందని ఇటు తిరిగాను. ఒక సెల్ఫీ. టేపు పక్కన ఇసుక మీద పెట్టి ఇంకోటి. గొంతులోకి దిగిపోయిన కొక్కెం పీకడానికి ఇంకాసేపు. అప్పుడు తీసుకెళ్లి నీళ్లలో వదిలాను. పక్కకి ఒరిగింది. తోక రెండుసార్లు కొట్టుకుంది. తెల్లటి పొట్ట పైకి తేలింది, తర్వాతి అల దాన్ని నా కాళ్ల దగ్గరికే తెచ్చిపెట్టింది.

పెదనాన్న వంగి దాన్ని తీసుకున్నాడు. కోప్పడలేదు. "వదిలేవాడివైతే నీళ్లలోనే వదలాల్రా. గట్టెక్కించాక ఇంక తినాల్సిందే."

మధ్యాహ్నం పెద్దమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టింది. ఆ చిన్న చేప నలుగురికి. "నెలన్నరగా ఎండుచేపలే, ఇవాళ పచ్చి చేప" అంది సంతోషంగా. నాకు ముద్ద దిగలేదు. ఆ ఇంట్లో నెలన్నరగా పచ్చి చేప లేదన్న సంగతి నేను కనీసం గమనించలేదు.

రాత్రి ఫోన్‌లో లెక్క వేశాను. వేట నిషేధానికి ప్రభుత్వం ఇచ్చే సాయం ఆ ఏడాది 10,000 నుంచి 20,000 అయ్యింది. 61తో భాగిస్తే కుటుంబానికి రోజుకి 328 రూపాయలు. నాకు తెలిసిన రూల్ పాటించడానికి నేను ఒక ఫొటో వదులుకుంటే సరిపోయేది, అదే చేయలేకపోయాను. ఆయన పాటించే రూల్‌కి రెండు నెలల కూలి పోతుంది. అయినా ఆయనకే నేను పాఠం చెప్పాను.

రాడ్ అమ్మేయలేదు. కొక్కేనికి వెనక్కి ఉండే చిన్న ముల్లుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేశాను. వదలాలనుకున్న చేపని నీళ్లలోంచి తీయను, కొలవాలనిపించినా సరే. ఆ రోజు తీసిన ఫొటోలు మాత్రం డిలీట్ చేశాను. అందుకే ఈ వ్యాసానికి బొమ్మ లేదు, ఎడిటర్ గారు అడిగినా ఇవ్వలేకపోయాను.

జూన్ 14 రాత్రి పెదనాన్నకి ఫోన్ చేశాను. బోటులో ఐసు ఎక్కిస్తున్నారట, వెనక ఒకటే గోల. "మళ్లీ చేస్తాలేరా" అని పెట్టేశాడు.